వ్యాజస్తుతియు సంబోధనమును

ఆలంకారికులు వ్యాజస్తుతికిఁ జెప్పిన లక్షణము సుప్రసిద్ధము. మొదట నిందగాఁ దోఁచి తుదకు స్తుతియందుఁ బర్యవసించుటయో, స్తుతిగాఁ దోఁచి నిందయందుఁ బర్యవసించుటయో దాని స్వరూపము. ఈ లక్షణమును జేతఁ బట్టుకొని మన పండితులు నిందాస్తుతి శతకములఁ బాఠము చెప్పునపుడు, ఇది నింద గాదు సుమా, స్తుతియే యని తొందరపడి శిష్యునకు ధైర్యము చెప్పుచుందురు. కవికి దైవదూషకుఁడను నపవాదు రాకుండుటకై చేయు నీ యుపకారమువలనఁ బద్యమందలి చమత్కారము సగము చచ్చుచున్నది. భక్తి మిగులుచున్నదా యన్న, నదియు సందేహమే.

కాసుల పురుషోత్తమకవి యాంధ్రనాయకశతకమును జూతము. ఈయన 18వ శతాబ్ది చివరను దివిసీమలోని పెదప్రోలున నుండినవాఁడు. కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున వెలసిన యాంధ్రమహావిష్ణువును సంబోధించి సీసములలో నీ శతకమును రచించెను. అందొక పద్యముయొక్క భావ మిది: భూదేవి యాలగుటచే నీకు లోకభారము వహించువాఁడను పేరు వచ్చినది, లక్ష్మి భార్యయగుటచేఁ గోరిన దిచ్చువాఁడవైతివి, బ్రహ్మ కొడుకగుటచేఁ బెద్దకుటుంబము గలవాఁడవైతివి, గంగ కూఁతురగుటచేఁ బతితపావనుఁడవైతివి, ఇదంతయు నాలుబిడ్డలు దెచ్చిన ఖ్యాతియే కాని, నీవు మొదటినుండియు దామోదరుఁడవే.

ఈ దామోదరశబ్దముకడ నాఁగవలెను. దామ ముదరమునందుఁ గలవాఁడని వ్యధికరణబహువ్రీహి. యశోద త్రాటఁ గట్టినది గనుక నా పేరు. కడుపు గట్టుకొనుట యన నేమో తెలుఁగువారికిఁ జెప్పనక్కఱలేదు. కావున దరిద్రుఁడను నర్థము స్ఫురించును. సహస్రనామభాష్యమున నీ నామమునకే, దామము లనఁగా లోకములనియు, నవి యెవని కడుపులో నున్నవో వాఁడు దామోదరుఁడనియు వ్యాసవచనముగా వేఱొక నిర్వచనము గలదు. విగ్రహవాక్యము మాఱలేదు, పూర్వపదార్థమే మాఱినది. సొంతసొమ్మేమియు లేదన్న పదమే సమస్తమును గడుపున నిడుకొన్నవాఁడని చెప్పుచున్నది.

అయినచో నింద బాధితమైనదా? కాలేదని నా మతము. గంగయందు గొల్లపల్లె యన్నచోఁ బ్రవాహరూపమైన ముఖ్యార్థము పొసఁగక తీరార్థమునకుఁ దావిచ్చును. ఇచటఁ బొసఁగని దేది? ఱోటఁ గట్టువడుట పురాణసిద్ధము. భూదేవియు లక్ష్మియు భార్యలగుట స్తోత్రములన్నిటను విన్నదే. కవి క్రొత్తగాఁ దెచ్చిన దూషణ మొక్కటియు లేదు; కూర్పుమాత్రమే యెత్తిపొడుపు. కావున నిందయు నిలిచినది, స్తుతియు నిలిచినది.

మఱి విశ్వాస మెక్కడ? మకుటమున నున్నది. సిద్ధమైన వస్తువును దనకు నభిముఖము చేసికొనుటమాత్రమే సంబోధనమని వాక్యపదీయమున భర్తృహరి నిర్ణయము. లేనివానిని గూర్చి వాదింపవచ్చును గాని వానిని బిలువరాదు. సీసపాదములు స్వామి నెంత దూఱినను, తుదనున్న సంబుద్ధి యాయనను గవి యెదుటనే నిలుపుచున్నది. ఆ మకుటమునందే యాశ్చర్యవాచక మామ్రేడితము, దాక్షిణ్యప్రస్తావమును గలదు. దామోదరుఁడ వన్న పిమ్మట వచ్చిన యా యాశ్చర్యము మెచ్చుకోలో, యెకసక్కెమో చదువువాని కంఠస్వరమే తేల్పవలెను.

చాటువులు దీనికిఁ బ్రత్యుదాహరణములు. శివుఁడు మంచుకొండమీఁదను, హరి పాలకడలిలోను నిద్రించుట నల్లులకు వెఱచి యనెడి సంస్కృతచాటు వెల్లరెఱుఁగుదురు. అదియు దేవతలమీఁది పరిహాసమే. కాని ప్రథమపురుషమునఁ జెప్పఁబడినది. విన్నవాఁడు నవ్వును, అంతటితో సరి. దేవుఁడు ప్రత్యుత్తర మీయవలసిన పని లేదు.

శతకములలో సంబోధనము పాదపూరణమే గదా యని కొందఱనవచ్చును. అనేకశతకములపట్ల నది నిజమే. మధ్యమపురుషమును దీసి ప్రథమపురుషమును బెట్టి చూడవలెను. పద్యము చెడకున్నచో మకుటము పూరణమే. ఆంధ్రనాయకమునందును బట్టికలవలె సాగిన సీసములు కొన్ని యీ పరీక్షకు నిలువవు. దామోదరపద్యము నిలుచును, నీవు అన్నది తీసినచో నది వట్టి కుటుంబవర్ణనము. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రినారసింహశతకమున శత్రుసేనలు పైఁబడినవేళ స్వామిని లెమ్మని పిలుచుటయే విషయము గనుక నచట నీ చర్చ యక్కఱయే లేదు.

మొదటిపద్యము దాఁటినపిదప మకుటమును రెండక్షరములతో సూచించి విడుచుట కొన్ని శతకముద్రణములందు వాడుక. కాగితము మిగులును గాని, నిందాస్తుతి శతకములపట్ల నీ వాడుక పనికిరాదు. బాలురచేతఁ బ్రతిపద్యమును సంబుద్ధ్యంతముగాఁ జదివింపవలయును.