శ్రీనాథుని చాటువు: ఒక షష్ఠీవిభక్తి విచారము

కవి పేరు అతని కావ్యములను దాటి లోకవ్యవహారమున గుణవాచకమగుట అరుదైన గౌరవము. కాని ఆ గౌరవమునకు మూల్యము కూడ కలదు. పల్నాటి వాఙ్మయమునుండి ఒక యుదాహరణముతో దీనిని నిరూపింప యత్నింతుము.

ఆంగ్లమున కాఫ్కా పేరునకు ప్రత్యయమును చేర్చి విశేషణమును కల్పించుకొనిరి. తెలుగునకు ప్రత్యయముతో పని లేదు. యుక్తితో ఎదుటివానిని బోల్తా కొట్టించువానిని జూచి 'వాడొక తెనాలి రామలింగడు' అందురు. పేరే గుణమైనది. ఆ మాట యనువారిలో 'పాండురంగమాహాత్మ్యము'ను చదివినవారు మిక్కిలి తక్కువ. కథలు మిగిలినవి, కావ్యము వెనుకబడినది.

శ్రీనాథుని విషయమున ఈ మార్పు ఇంకను సూక్ష్మముగా జరిగినది. పల్నాటి రాళ్లను, నాగులేటి నీటిని, జొన్నకూటిని పరిహసించు చాటువులను ప్రజలు 'శ్రీనాథుని చాటువులు' అందురు. ఈ షష్ఠికి రెండర్థములు గలవు: శ్రీనాథుడు చెప్పినది యనునది మొదటిది; శ్రీనాథుడు చెప్పినట్లున్నది యనునది రెండవది. వ్యవహారమున రెండవదిగా చెల్లు మాటను విమర్శకులు మొదటిదిగా గ్రహించుటతో చిక్కు పుట్టినది. ఈ పద్యములు నోటినుండి నోటికి వచ్చినవి. వీనికి కావ్యములందువలె గద్యలు లేవు, అవతారికలు లేవు. వీని భోగలాలసత్వమును బట్టి ఇవి శ్రీనాథునివి యందుము. శ్రీనాథుడు భోగి యనుటకు ప్రమాణమేమని యడిగిన ఈ చాటువులనే చూపుదుము. ఇది అన్యోన్యాశ్రయదోషము. 'శృంగారనైషధము', 'కాశీఖండము' రచించిన పండితుడు, కొండవీటి పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున విద్యాధికారి, ఈ చిత్రమున మరుగుపడుచున్నాడు.

నష్టము శ్రీనాథునికి మాత్రమే కాదు. 'క్రీడాభిరామము' వినుకొండ వల్లభరాయని పేర వెలసినది. అది శ్రీనాథకృతమని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. వారి పాండిత్యము శిరోధార్యము. అయినను, శైలీసామ్య మాత్రముచే కర్తృత్వమును మార్చుట ఎంతవరకు యుక్తము? ఒక మహాకవి రీతి ఆ కాలపు కవులకందరకు ఉమ్మడి సొత్తగుట అసంభవము కాదు. పేరు గుణమైనపుడు, ఆ గుణమున్న ప్రతి రచనయు ఆ పేరునకే చేరును. చిన్న కవి తన గ్రంథమును గోల్పోవును.

'పల్నాటి వీరచరిత్ర' సంగతియు విచార్యమే. మంజరీద్విపదలో నున్న ఈ కృతి శ్రీనాథుని పేర ప్రసిద్ధము. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దీనిని ప్రకటించిరి. అయితే పల్నాటి వీరుల కథను గాయకులు పాడుచుండిరని 'క్రీడాభిరామము'న స్పష్టముగా నున్నది. నేటికిని కారెంపూడి వీరుల తిరునాళ్లలో వీరవిద్యావంతులు ఆ కథను పాడుదురు. గ్రంథముపై నున్న ఒక్క పేరు ఈ గాయక పరంపరను మన దృష్టినుండి తప్పింపరాదు.

కావున పరిశోధక విద్యార్థులు మూడు మాటలను వేరువేరుగా వాడుట మేలని మా యభిప్రాయము. అవతారిక, గద్య మున్నగు ప్రమాణములచే స్థిరపడినది శ్రీనాథకర్తృకము. లోకము ఆయన పేర చెప్పుకొనునది శ్రీనాథనామాంకితము. ఆయన రీతిని స్ఫురింపజేయునది శ్రీనాథచ్ఛాయ. పల్నాటి చాటువులకు రెండవ, మూడవ పేర్లు చెల్లును. మొదటిది ప్రమాణము లభించినపుడే చెల్లును. ఇందువలన ఆ చాటువుల సొగసు తరుగదు. ఒక కవి పేరును తమ చమత్కారమునకు ముద్రగా చేసికొనిన అజ్ఞాత కవులకు మాత్రము న్యాయము జరుగును.