రిజిస్ట్రీలో చెరిపే ముందు

విండోస్ తనకూ, తనలో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములకూ సంబంధించిన సెట్టింగులను భద్రపరచుకునే డేటాబేస్‌కు రిజిస్ట్రీ అని పేరు. 1992లో వచ్చిన విండోస్ 3.1లో ఏ రకం ఫైలును ఏ ప్రోగ్రాము తెరవాలి వంటి కొద్దిపాటి వివరాలే అందులో ఉండేవి, మిగిలినవన్నీ ఐఎన్ఐ ఫైళ్లనే మామూలు టెక్స్ట్ ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉండేవి. విండోస్ 95 నాటికి వాటిలో చాలా భాగం రిజిస్ట్రీలోకి చేరింది. ఫోల్డర్ల మాదిరి ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండే అరలను కీలనీ, వాటిలోని సెట్టింగులను వాల్యూలనీ అంటారు.

ప్రోగ్రామును తొలగించాక దాని కీలు కొన్ని మిగిలిపోతాయన్నది నిజమే గాని, వాటివల్లే యంత్రం నెమ్మదిస్తుందన్న ప్రచారంలో పస లేదు. విండోస్ తనకు కావలసిన కీని పేరు పట్టుకొని నేరుగా వెతుక్కుంటుందే తప్ప ప్రతిసారీ రిజిస్ట్రీ మొత్తం చదవదు కనుక, కొన్ని వందల పాత కీలు పోయినా వేగంలో తేడా తెలియదు. పైగా ఇలాంటి పాత కీలను వెతికి చెరిపే క్లీనర్ ప్రోగ్రాము చేసేది చాలావరకు ఊహే: ఒక కీ సూచించే ఫైలు కనబడలేదు కాబట్టి ఆ కీ పనికిరానిదని అది తేలుస్తుంది, ఆ ఫైలు అప్పటికి తగిలించని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉండవచ్చునన్న సంగతి దానికి పట్టదు. ఒకప్పుడు రెగ్‌క్లీన్ అనే పరికరాన్ని స్వయంగా అందించి, తర్వాత ఉపసంహరించుకున్న మైక్రోసాఫ్ట్, ఇటువంటి క్లీనర్ల వాడకాన్ని తాను సమర్థించనని స్పష్టంగానే ప్రకటించింది. అయినా క్లీనర్ చూపే ఎర్ర అక్షరాల హెచ్చరికకు బెదిరి, ఏళ్ల తరబడి చేసిన పని ఉన్న యంత్రాన్ని అలాంటి ఊహకు అప్పగించేవారు ఇప్పటికీ ఉండటం నిజంగా బాధాకరం.

తప్పనిసరై ఒక కీని మార్చవలసి వస్తే, రిజిస్ట్రీని తెరిచి చూపే రెజెడిట్‌లో సేవ్ బటన్ గాని, చేసినదాన్ని వెనక్కి తీసుకునే అన్‌డూ గాని లేవనీ, మార్పు ఆ క్షణమే నమోదవుతుందనీ ముందుగా గ్రహించాలి. అందుకే ముట్టుకోబోయే కీపై రైట్‌క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ ద్వారా ఒక ఫైలుగా దాచుకోవడం తొలి జాగ్రత్త. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఆ ఫైలులో కీ పేరు చదరపు బ్రాకెట్లలోనూ, దాని కింద ఒక్కొక్క వాల్యూ ఒక్కొక్క వరుసలోనూ కనిపిస్తాయి. అయితే ఈ ఫైలును తిరిగి ఇంపోర్ట్ చేసినప్పుడు పోయిన వాల్యూలు వస్తాయి, మారినవి పూర్వస్థితికి చేరతాయి గాని, మధ్యలో కొత్తగా చేర్చినవి అలాగే ఉండిపోతాయి, ఎందుకంటే అక్కడ జరిగేది కలపడమే తప్ప పాతదాన్ని తుడిచి రాయడం కాదు. చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. కొత్తగా చేర్చిన వాల్యూ పేరును వేరే రాసి పెట్టుకొని, తర్వాత దాన్ని చేత్తోనే తొలగించాలి.

అసలు విండోసే మొదలు కాని స్థితిలో ఈ ఫైలు అంతగా అక్కరకు రాదు. పూర్వం రిజిస్ట్రీ ప్రధాన ఫైళ్లకు రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లో తనంతట తానే కాపీ తీసి ఉంచిన విండోస్, డిస్కులో చోటు ఆదా చేయడానికి విండోస్ 10లోని 1803 వెర్షన్ నుంచి ఆ పని మానుకుంది. ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లు కనబడతాయి గాని వాటి సైజు సున్నా. కాబట్టి విండోస్‌ను పూర్వస్థితికి తిప్పే సిస్టమ్ రీస్టోర్ ఆన్‌లో ఉన్నదో లేదో చూసుకొని, రిజిస్ట్రీ జోలికి వెళ్లేముందే ఒక రీస్టోర్ పాయింట్‌ను సృష్టించుకోవాలి. ఇక యంత్రం మొదలవగానే వచ్చి కూర్చునే ప్రోగ్రాములను ఆపడమే ఉద్దేశమైతే టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ భాగం చాలు, దానికి రెజెడిట్ తెరవనక్కరలేదు.