నిప్పుల మీద సీతాఫలం

సీతాఫలాన్ని మాగబెట్టుకొని తినడం దేశమంతా తెలుసు. కాల్చుకొని తినడం మాత్రం గుట్టల మీద జీవాలు కాసినవాళ్ళ విద్య. పాలమూరు, నల్లగొండ మెట్ట ఊళ్ళల్లో పెరిగినవాళ్ళ దగ్గర ఆ మాట ఎత్తి చూడండి. ఎవరి గుట్ట కాయ గొప్పది, ఎవరి తాత బాగా కాల్చేవాడు అన్నదాని మీద అరగంట పంచాయితీ తప్పదు. ఆ పంచాయితీలో నేనూ ఒక కక్షిదారునే కాబట్టి ఈ వ్యాసంలో పక్షపాతం కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

చలిదేశాల్లో సరిగ్గా సీతాఫలం వచ్చే ఈ శరదృతువులోనే ఆపిల్ పండు నడిబొడ్డు తొలిచి, అందులో చక్కెర, వెన్న, కిస్‌మిస్, దాల్చినచెక్క పొడి కూరి ఓవెన్‌లో పెడతారు. రుచిగానే ఉంటుంది, కాదనను. కానీ అన్ని సరుకులు కూరితే దేనికైనా రుచి రాకుండా ఎక్కడికి పోతుంది? మన కాయకు చక్కెర వద్దు, వెన్న వద్దు, గిన్నె కూడా వద్దు. తోలే దాని గిన్నె. కావలసిందల్లా చేతికి కాయ తెలియడం, కంటికి నిప్పు తెలియడం. ఈ రెండూ వచ్చినవాడు చేసిన పని ముందు ఏ హోటల్ మిఠాయీ నిలవదని నా గట్టి నమ్మకం.

కాయ పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. వృక్షశాస్త్రం వాళ్ళ లెక్కలో దీని సొంతూరు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు, తెచ్చింది పోర్చుగీసువాళ్ళు. కాదు, మథుర శిల్పాల్లోనే ఈ పండు ఉందని పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ అన్నాడు. ఆ తగవు ఇంకా తెగలేదు. మా ఊళ్ళల్లో ముసలమ్మలకైతే ఏ సందేహమూ లేదు, వనవాసంలో సీతమ్మ తిన్న పండు ఇదే. ఎవరు తెచ్చినా, మన రాతి గుట్టలకు వచ్చి ఇది ఇక్కడిదే అయిపోయింది. పిడికెడు మట్టి ఉన్న బండ సందుల్లో కూడా మొలుస్తుంది. ఎండాకాలం ఆకంతా రాల్చేసి చచ్చినట్టు ఉంటుంది, తొలకరి పడగానే చిగురు వేస్తుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి, దీని ఆకును మేక ముట్టదు. మేక ముట్టని ఆకు కాబట్టే మేకల గుట్టల మీద చెట్టు బతికింది. చెట్టు బతికింది కాబట్టే మేకల కాపరికి మధ్యాహ్నపు ఆకలికి కాయ దొరికింది. కరువు రోజుల్లో కొండల మీది సీతాఫలమే జనం ప్రాణం నిలిపిందని బ్రిటిష్ కాలపు వృక్షశాస్త్రజ్ఞులు కూడా రాసి పెట్టారు. కరువుకు, వలసకు పేరుపడిన పాలమూరులో ఆ మాట ఒకరు రాసి చెప్పాల్సిన పని లేదు.

ఇక అసలు విద్య. మొదటి మెట్టు, కాయను ఎంచడం.

కాల్చడానికి మాగిన పండు పనికిరాదు. నిప్పు తగలగానే జారి బూడిదపాలవుతుంది. మరీ లేతకాయా పనికిరాదు, ఎంత కాల్చినా వగరే. కావలసింది బాగా ఊరి, ఇంకా గట్టిగా ఉన్న దోరకాయ. దాన్ని గుర్తుపట్టే గుర్తు తోలు మీదే ఉంటుంది. లేతకాయ మీద పొలుసులు ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. కాయ ఊరేకొద్దీ ఆ పొలుసుల మధ్య గీతలు వెడల్పై, ఆకుపచ్చ పోయి వెన్నముద్ద రంగుకు వస్తాయి. దాన్నే కాయ కండ్లు తెరిచింది అంటారు. కండ్లు తెరిచిన కాయను చెట్టు నుంచి కోస్తే రెండు మూడు రోజుల్లో మాగుతుంది. తెరవని కాయను గడ్డిలో పెట్టినా, బియ్యంలో పెట్టినా నల్లబడి ఎండిపోతుందే తప్ప మాగదు. కాల్చేవాడికి కావలసింది కండ్లు అప్పుడే తెరిచిన కాయ. అందులో గుజ్జు ఏర్పడి ఉంటుంది, పిండిపదార్థం ఇంకా పూర్తిగా తీపిగా మారి ఉండదు. మిగిలిన పని నిప్పు చేస్తుంది.

ఈ ఎంపికలో మొనగాళ్ళను చూడాలంటే హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే 44వ నంబర్ జాతీయ రహదారి మీద, షాద్‌నగర్ దాటాక, జడ్చర్ల రాకముందు బాలానగర్‌లో దిగండి. సీజన్‌లో రోడ్డు వారన గంపలు పెట్టుకొని కూర్చునే అవ్వల చేతుల్లో ఉన్న తెలివి ఏ పరీక్షకూ అందదు. మాట్లాడుతూనే, మన మొహం చూస్తూనే, చేత్తో కాయను ఒక్క తిప్పు తిప్పి పక్కకు వేస్తారు. "ఇవి ఇయ్యాల తిను సారూ, గివి రేపటికి, అవి ఎల్లుండికి" అని మూడు కుప్పలు పోస్తారు. ఎల్లుండికి అన్న కాయ ఎల్లుండే మాగుతుంది, రేపు కాదు. కాల్చుకోవడానికి కావాలని అడిగితే మాత్రం ఒక్కసారి తలెత్తి చూస్తారు. అడిగినవాడు తమ మనిషే అని అర్థమవుతుంది. అప్పుడు గంప అడుగు నుంచి తీసి ఇస్తారు.

రెండో మెట్టు నిప్పు. పట్నం వాళ్ళు తప్పు చేసేదంతా ఇక్కడే. నల్లమల అంచు ఊళ్ళో ఒక గొల్ల తాత చెప్పిన మాట కన్నా బాగా నేను చెప్పలేను: "ఎగిరే మంటల ఏస్తే తోలు మాడుతది, లోపల పచ్చిగుంటది బిడ్డా. మంట సచ్చినంక ఏయాలె." గుట్ట మీద దొరికే ఎండు కంప, పుల్లలు, రెండు పిడకలు చాలు. మంట బాగా లేచి, కూలి, ఎర్రటి నిప్పుల మీద తెల్లటి బూడిద పొర పడే దాకా ఆగాలి. ఆకలితో ఉన్నవాడికి ఆ ఆగడమే కష్టం. తర్వాత నిప్పులను పక్కలకు నెట్టి, నడుమ కాయలను తొడిమ పైకి ఉండేలా పేర్చి, అంచుల నుంచి నిప్పులు దగ్గరకు జరపాలి. పచ్చి కర్రతో తిప్పుతూ ఉండాలి. ఎండు కర్ర పెడితే అదే అంటుకుంటుంది.

ఇక్కడ గడియారం పనికిరాదు. ముందు పొలుసుల కొనలు నల్లబడతాయి. తర్వాత సన్నగా చిటపట మొదలవుతుంది. పొలుసుల మధ్య నుంచి ఆవిరి బుస్సున వచ్చి, వెంట రెండు చుక్కల రసం పొంగి, నిప్పు మీద పడి మాడిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిన క్షణం కాయను కదిలించాలి. కాసేపటికి ఒక పక్క పటుక్కుమని చీలుతుంది. చేయి తిరిగినవాడు చీలడానికి సరిగ్గా ముందు తీస్తాడు. నా బోటివాళ్ళం చీలినాక తీస్తాం, గుజ్జులో కొంచెం బూడిద కలుపుకొని తింటాం. తీసిన కాయను వెంటనే విప్పకూడదు. మోదుగాకు మీద పెట్టి కాసేపు వదిలేస్తే లోపలి వేడికే మిగతా గుజ్జు మగ్గుతుంది. అప్పుడు రెండు బొటనవేళ్ళు పెట్టి విప్పితే, నల్లటి తోలు లోపల పాలమీగడ రంగు గుజ్జు పొగలు కక్కుతూ కనిపిస్తుంది. తోలుకు అంటుకున్న అంచు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ఆ అంచు కోసం పిల్లలు కొట్టుకుంటారు, పెద్దలు మర్యాదకు ఊరుకుంటారు.

మాగిన పండంత తీపి ఇందులో ఉండదు. ఉండాలనీ లేదు. పొగ వాసన, గింజ చుట్టూ కాస్త పిండితనం, చివర్లో మెల్లగా వచ్చే తీపి, ఇదీ దీని వరుస. తీపి ఎక్కువ కావాలన్నవాళ్ళు నంజుకోవడానికి బెల్లం ముక్క పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు, కాల్చే తాతకు ఉండవచ్చు. ఇంట్లో చేసుకునేవాళ్ళు బొగ్గుల కుంపటి మీద చేసుకోవచ్చు. కాల్చిన గుజ్జు గింజలు తీసి, చల్లారనిచ్చి, గట్టి మీగడలో కలిపితే విందు భోజనం చివర పెట్టదగ్గ మిఠాయి. గింజను మాత్రం కొరకొద్దు, నూరొద్దు. పేలకు వాడే ఆ పొడి కంట్లో పడితే కన్నుకే ముప్పు. ఓవెన్‌లో పెట్టవచ్చా అని అడుగుతారు. పెట్టండి, ఉడుకుతుంది. కాలదు.

మాగిన పండు గుజ్జు సంగతి వేరే. దాన్ని పొయ్యి మీద మరిగిస్తే చేదెక్కుతుంది, రంగు చెడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు పాలు మరిగించి, చిక్కబరిచి, పూర్తిగా చల్లార్చిన తర్వాతే గుజ్జు కలుపుతారు. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం కోసం జనం ఎగబడేది అసలు గుజ్జు రుచి కోసమే. పాలమూరు మహిళా సంఘాలు కూర్చొని చేత్తో గింజ తీసి గుజ్జు చేసిన రోజులున్నాయి. ఒక్కొక్క గింజ చుట్టూ ఉన్న పల్చటి పొరను చిదమకుండా గుజ్జు విడదీయడం ఎంత ఓపిక పనో చేసినవాళ్ళకే ఎరుక.

మరి ఇప్పుడు పెళ్ళిళ్ళలో కప్పుల్లో పోసి ఇస్తున్నదేమిటి? ఆకుపచ్చ రంగు, సీసాలోని ఎసెన్సు, చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్. నోట్లో పెట్టుకుంటే తలనూనె వాసన. దానికి సీతాఫల్ మలాయి అని పేరు! ఏడాదిలో రెండు నెలలు మాత్రమే దొరికే పండు మే నెల పెళ్ళిలో ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కరూ అడగరు. నిల్వ చేసిన అసలు గుజ్జు వాడేవాళ్ళు లేకపోలేదు, వాళ్ళకు నమస్కారం. మిగతావాళ్ళు చేస్తున్నది పండుకు అవమానం, తినేవాడికి మోసం.

ఇంకొక బాధ ఉంది. ఈ మధ్య బజారు నిండా అరచేతి కన్నా పెద్ద కాయలు, నున్నగా, లేత పసుపుగా. అవి ఎక్కువగా మహారాష్ట్ర నుంచి వచ్చే గోల్డెన్ రకం. సోలాపూర్ జిల్లా బార్షీ ప్రాంతపు రైతు నవనాథ్ కస్పటే ఏళ్ళ తరబడి కష్టపడి తయారుచేసిన ఎన్ఎంకే-1 అది. గింజలు తక్కువ, నిల్వ ఎక్కువ. ఆ రైతు పట్టుదలకు దండం పెడతాను. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్కా సహన్ కూడా అలాంటి మంచి కాయే. తోట వేసుకునే రైతుకు నాలుగు రూపాయలు వస్తే ఎవరికి కంట్లో మంట? నా కోపం రైతు మీద కాదు, ఆ కాయను తెచ్చి "బాలానగర్ సీతాఫలం" అని అమ్మే దళారి మీద. బాలానగర్ కాయ పెద్దది కాదు, అందగత్తె అంతకన్నా కాదు. దాని తీపి, దాని సువాసన వేరు. పైగా ఆ లావు కాయను నిప్పుల్లో పెడితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. గుట్ట కాయ చిన్నది కాబట్టే నిప్పు నడుమ దాకా పోతుంది.

అసలు గుట్టలు ఎన్ని మిగిలాయి? రేచర్ల పద్మనాయకులు 14వ శతాబ్దంలో ఏలిన రాచకొండ చుట్టూ ఇంకా సీతాఫలం వనాలున్నాయి. అది నల్లగొండలో ఉండేది, 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు యాదాద్రి భువనగిరికి పోయింది. కాయకు ఆ సంగతి తెలియదు కాబట్టి ఇంకా నల్లగొండ రుచే. దేవరకొండ, చందంపేట దిక్కు, ఇటు అచ్చంపేట, అమ్రాబాద్ అంచున ఇంకా చెట్లున్నాయి. కానీ రహదారి పక్క గుట్టల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. సగం గుట్ట కంకర మిల్లుకు పోయింది. మిగతా సగం చుట్టూ రాళ్ళు పాతి, రంగుల జెండాలు కట్టి వెంచర్ అన్నారు. సీతాఫలం చెట్టు నరికితే అడిగేవాడు లేడు. అది ఎవరూ నాటలేదు, ఎవరి పట్టాలోనూ లేదు. జీవాలు కాసే పిల్లలూ తగ్గారు. చదువుకోవడానికి పోయారు, పోవాల్సిందే. కానీ దోరకాయను గుర్తుపట్టడం, మంట చచ్చే దాకా ఆగడం ఏ బడిలో నేర్పుతారు? కాల్చే తాతలు వెళ్ళిపోతున్నారు.

సీతాఫలం రకాల జాబితా రాసిన ఏ ఉద్యాన పుస్తకంలోనైనా బాలానగర్ పేరు ముందు వరసలో ఉంటుంది. మహారాష్ట్ర బీడ్ సీతాఫలానికి 2016లో భౌగోళిక గుర్తింపు సంపాదించుకున్నారు. పేరు కాపాడుకోవడమంటే అదీ. మన దగ్గర సంగారెడ్డిలో పండ్ల పరిశోధన కేంద్రం ఉంది, అక్కడి శాస్త్రవేత్తలకు ఈ కాయ సంగతి కొట్టిన పిండి. వాళ్ళు గుట్ట కాయ మేలిరకాలను ఏరి, అంట్లు కట్టి ఊళ్ళకు ఇస్తే, పంచాయతీలు తమ గుట్టల మీద ఉన్న చెట్లను లెక్కపెట్టి క్వారీకి ముందు ఆ లెక్క చూపిస్తే, అంతకన్నా అడగాల్సింది లేదు.

చదివేవాళ్ళకు ఒక మాట. ఈ దసరాకూ దీపావళికీ మధ్య అటు పోతే కారు ఆపండి. ఫ్రిజ్‌లో పెట్టడానికి కొనకండి, చలికి తోలు నల్లబడి కాయ పాడవుతుంది. మాగినవి నాలుగు, కాల్చడానికి దోరవి పది అడిగి తీసుకోండి. గుట్టెక్కి, ముళ్ళు తొక్కి, గంప నెత్తిన దింపుకొచ్చిన అవ్వ దగ్గర పది రూపాయల కోసం బేరం మాత్రం ఆడకండి.