స్వయంపోషక క్షేత్రమా? మేత బస్తా లెక్క చూద్దాం

పర్యావరణానికి హాని చెయ్యని పశుపోషణ సాధ్యమేనా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా చాలామంది ప్రస్తావించే పుస్తకం మైకేల్ పోలన్ రాసిన 'ది ఆమ్నివోర్స్ డైలమా' (2006). అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జోయెల్ సాలటిన్ కుటుంబం నడిపే 'పాలీఫేస్' పశుక్షేత్రం గురించి అందులో ఉన్న అధ్యాయాలు హాయిగా చదివిస్తాయి. అయితే వాటిలో విజ్ఞానశాస్త్రానికి నిలిచేది ఎంత?

సాలటిన్ కుటుంబం 1961లో కొన్నప్పుడు ఆ భూమి వానలకు కోసుకుపోయి గండ్లు పడి ఉంది. పోలన్ వెళ్ళేనాటికి అక్కడ 100 ఎకరాల పచ్చిక, 450 ఎకరాల అడవి ఉన్నాయి. మార్పుకు ముఖ్యకారణం పశువులను తిప్పి మేపడం. కదిలించగల విద్యుత్ కంచెతో కొద్దిపాటి మేర కట్టి, ఆవులను అక్కడ ఒకరోజు మేపి, మర్నాడు పక్కకు తోలుతారు. గడ్డి కోలుకునేదాకా మళ్ళీ అక్కడికి పశువు రాదు. ఫ్రాన్స్ దేశస్థుడు ఆంద్రే వాజాన్ 1957లో తన గ్రంథంలో వివరించిన సూత్రమిది. మేసిన గడ్డి మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా, చివరికి మళ్ళీ నెమ్మదిగా పెరుగుతుంది. కోలుకోకముందే మళ్ళీ కొరికితే దాని నిల్వలు తరిగి మొక్క నీరసిస్తుంది.

ఆవులు వెళ్ళిన మూడు నాలుగు రోజులకు చక్రాల మీద కోళ్ళగూడు వస్తుంది. కోళ్ళు పేడను కెలికి ఈగల పురుగులను తింటాయి, రెట్ట వేస్తాయి. పెంటకుప్ప మీద కోళ్ళను చూసిన మన విద్యార్థులకు ఇది వింత కాదు. ఈ గొలుసును పోలన్ చక్కగా వర్ణించారు.

చిక్కు ఆ తరువాతే ఉంది. కోళ్ళు నేలంతా తిరిగి రెట్ట వేయడం వల్ల ఈ క్షేత్రం నత్రజని విషయంలో పూర్తిగా స్వయంసమృద్ధమైందని ఆయన అంటారు. ఆ పక్కనే, బయట కొనే ముఖ్యమైన సరుకు కోడిమేతేనని, బయటి నుంచి నేలకు సారం వచ్చే మార్గం అదేనని కూడా చెబుతారు. ఈ రెండు మాటలూ పొసగవు.

చిన్న లెక్క వేద్దాం. కోడిమేతలో మాంసకృత్తులు 16 శాతం అనుకుందాం. అంటే టన్నుకు 160 కిలోలు. మాంసకృత్తుల్లోనూ నత్రజని సుమారు 16 శాతమే కాబట్టి, టన్ను మేతలో 25 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. అందులో సగం రెట్టలోకి వచ్చినా దాదాపు 13 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం. కనుక టన్ను మేత కొనడమంటే, దానితోపాటు 28 కిలోల యూరియాకు సమానమైన నత్రజనిని కూడా తెచ్చుకోవడమే. కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోయినా, మిగిలింది పచ్చికకు ఎరువే.

భాస్వరం సంగతి మరింత స్పష్టం. క్లోవర్ వేరుబుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టగలదు. భాస్వరాన్ని అలా గాలి నుంచి తెచ్చుకోలేం. గుడ్లతో, మాంసంతో బయటికి పోయే భాస్వరంలో, నేలలోని ఖనిజాలు కొద్దికొద్దిగా ఇచ్చేది పోగా మిగిలిన లోటు బయటి నుంచే పూడాలి.

ఆ మేతలోని మొక్కజొన్న, సోయా వేరే పొలాల్లో పండాయి. ఆ పొలాలను దున్నారు, వాటి సారం ఖర్చయింది. ఉత్పత్తినంతా 100 ఎకరాల పచ్చిక ఖాతాలో వేస్తే ఆ భూమి లెక్కలోంచి జారిపోతుంది. ఒక దేశం ఆహారం కోసం పరోక్షంగా ఆధారపడే ఇలాంటి భూమిని జార్జ్ బోర్గ్‌స్ట్రామ్ 1965లోనే 'దయ్యపు ఎకరాలు' అన్నారు. మన పల్లెల్లో పొలంలో గొర్రెల మంద కట్టించడం కూడా ఇటువంటిదే. రాత్రి పొలంలో పడే ఎరువు పగలు బంజరులో మేసిన గడ్డి నుంచి వచ్చిందే. రైతుకు ఆ విలువ తెలుసు. అందుకే కాపరికి ధాన్యమో, డబ్బో ఇస్తాడు.

అలాగని పాలీఫేస్ విజయం బూటకం కాదు. తిప్పి మేపడం నేలను కాపాడుతుంది. పురుగులను కోళ్ళే తింటే మందుల అవసరం తగ్గుతుంది. కానీ 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. వెనక అడవి గానీ, మేత కొనే స్తోమత గానీ లేని చిన్న రైతు, పశువులను తిప్పితే చాలు సారం దానంతటదే పుడుతుందని నమ్మి మందను పెంచితే నష్టపోయేది అతని నేలే.

కాబట్టి ఈ అధ్యాయాలు తప్పక చదవండి. చదివేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకుని, క్షేత్రంలోకి వచ్చేవి ఒకవైపు, బయటికి పోయేవి మరోవైపు రాసుకోండి. పోలన్ వేయకుండా వదిలేసిన ఆ పట్టికను మీరే పూర్తి చెయ్యవచ్చు.