ప్రసారం నుంచి గ్రంథాలయానికి: బడి పిల్లల లఘు డాక్యుమెంటరీలు, వాటి తెలుగు (కొత్తకోట పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం: పాఠశాలల కోసం తెలుగులో తయారైన దృశ్యసామగ్రి పరిమాణంలో తక్కువేమీ కాదు. అయితే అందులో అధికభాగం ప్రసార అవసరం కోసం పుట్టింది. విద్యార్థి తనకు కావలసినప్పుడు వెతుక్కొని, ఆపుకొని, మళ్లీ చూసుకొనే గ్రంథాలయ అవసరం కోసం కాదు. ఈ తేడా వ్యాఖ్యాన భాషలోనూ సూచికలోనూ ఎలా బయటపడుతుందో వనపర్తి జిల్లా కొత్తకోట ప్రాంతపు రెండు విషయాల ద్వారా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: లఘు డాక్యుమెంటరీ, విద్యా ప్రసారం, వృత్తి పదజాలం, సరళాసాగర్, చేనేత.

1. ప్రవేశిక

1975 ఆగస్టు 1న ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా మొదలై 1976 జూలై 31న ముగిసిన ‘సైట్’ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్‌ను చేర్చింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం వేళ 5 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం ఒక్కో భాషలో 22½ నిమిషాల కార్యక్రమం వచ్చేది. పల్లెటూరి తెలుగు పిల్లలు బడిలో కూర్చొని తెరమీద పాఠం చూడడం పెద్దయెత్తున అప్పుడే మొదలైంది. ఇన్సాట్ కాలంలో హైదరాబాదులో ఏర్పడిన విద్యా సాంకేతిక సంస్థ, ఉమ్మడి రాష్ట్రపు ‘మన టీవీ’, తెలంగాణలో దాని స్థానంలో 2017లో వచ్చిన టి-సాట్ విద్య, నిపుణ ఛానళ్లు, అదే ఏడాది సెప్టెంబరు 5న కేంద్రం ప్రారంభించిన ‘దీక్ష’ వేదిక ఈ వరుసలో తరువాతి మజిలీలు. కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ద్వారా 3 నుంచి 10 తరగతుల వారికి పాఠాలు అందాయి.

ఈ సామగ్రిలో చాలా భాగం ఇప్పుడు అంతర్జాలంలో ఉంది. కాని ఒకచోట పోగైనంత మాత్రాన అది గ్రంథాలయం కాదు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో పాఠకుని సమయాన్ని ఆదా చేయాలన్నది ఒకటి, గ్రంథాలయం పెరిగే జీవి అన్నది మరొకటి. ఈ రెంటినీ పక్కన పెట్టుకొని చూస్తే మన దగ్గర ఉన్నది ప్రసారమైన పాఠాల నిల్వ మాత్రమేనని ఒప్పుకోవలసి వస్తుంది. అధ్యాపకుడు బోర్డు ముందు నిలబడి చెప్పిన పాఠాన్ని చిత్రీకరించడం 2020 నాటి అత్యవసరంలో సరైన పనే. దాన్ని తక్కువ చేసి చూడడం అన్యాయం. అయితే బడులు తెరుచుకొన్న తరువాత ఆ పాఠం తరగతి గదిలోని ఉపాధ్యాయునికి పోటీగా నిలుస్తుందే తప్ప తోడుగా నిలవదు. ఉపాధ్యాయుడు చెప్పగలిగినదాన్నే మరొక ఉపాధ్యాయుడు తెరమీద చెబుతున్నాడు. తరగతి గదిలోకి తేలేనిదాన్ని చూపడమే డాక్యుమెంటరీ పని.

2. చూపవలసినది: ఊకచెట్టు వాగు మీద సైఫన్లు

కొత్తకోటకు దగ్గరలో ఊకచెట్టు వాగు మీద వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట తలపెట్టిన సరళాసాగర్ ఉంది. 1959లో ప్రారంభమైన ఈ జలాశయంలో అదనపు నీటిని వదలడానికి గేట్లు ఎత్తే మనిషి అక్కరలేదు. నీరు నిర్ణీత మట్టాన్ని చేరగానే సైఫన్లు వాటంతటవే పనిచేయడం మొదలుపెడతాయి. మట్టం తగ్గి లోపలికి గాలి చొరబడగానే ఆగిపోతాయి. వాతావరణ పీడనం గురించి ఉన్నత పాఠశాల విద్యార్థి చదివే పాఠానికి ఇంతకంటె పెద్ద ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది? డ్రమ్ములోని నీటిని పైపుతో నోట పీల్చి కిందికి వదలడం ఈ ప్రాంతపు ప్రతి పిల్లవాడికీ తెలిసిన విద్యే. ఆ పైపు దగ్గర మొదలై జలాశయం దగ్గర ముగిసే ఆరేడు నిమిషాల చిత్రం చేయవలసిన పని ఒక్కటే: ఆ రెండూ ఒకే సూత్రమని కంటికి చూపడం.

ఇటువంటి విషయాలు మన దృశ్యమాధ్యమంలో సాధారణంగా పర్యాటక చిత్రాలుగానో వార్తా కథనాలుగానో వస్తాయి. ‘అద్భుతం’, ‘ఇంజనీరింగ్ వింత’ వంటి మాటలు అక్కడ వివరణ స్థానాన్ని ఆక్రమిస్తాయి. నీరు ఎగసి దూకే దృశ్యానికి నేపథ్య సంగీతం ఉంటుంది; సైఫను లోపలి గాలి ఎటు పోయిందో చెప్పే బొమ్మ ఉండదు. పాఠం కోసం తీసిన చిత్రంలో ఆ బొమ్మే ప్రాణం. అక్కడ చిత్రాన్ని ఆపి ‘ఇప్పుడు ఏమవుతుంది?’ అని అడిగే అవకాశం ఉపాధ్యాయునికి ఉండాలి. 1975లో ఉపగ్రహం నుంచి వచ్చిన కార్యక్రమాన్ని ఎవరూ ఆపలేరు, వెనక్కి తిప్పలేరు. నేడు ఆ వీలుంది. అయినా వ్యాఖ్యానం ఊపిరి తీసుకోకుండా సాగుతూనే ఉంది. రచయితలు ఇంకా ప్రసారానికే రాస్తున్నారు.

3. పడుగు, పేక ఎవరి మాటలు?

కొత్తకోట, అమరచింత, గద్వాల ప్రాంతాలు చేనేతకు పేరుపడ్డవి. గద్వాల చీరలో నూలు ఒళ్లు వేరు, పట్టు అంచు వేరు. నేతలోనే ఆ రెంటినీ కలపడం అక్కడి పనితనం. దీని మీద ఒక విద్యా చిత్రం తీస్తే వ్యాఖ్యానం ఏ తెలుగులో ఉండాలి? ‘నిలువు దారాలు’, ‘అడ్డదారాలు’ అనడం పుస్తకపు అలవాటు. నేత ఇంటి పిల్లకు అవి పడుగు, పేక. ఆమె ఇంట్లో నాడె ఉంది, కండె ఉంది, గుంట మగ్గం ఉంది. వ్యాఖ్యాత ఆ మాటలను తప్పించి సులభీకరించిన కొద్దీ ఆమె తన ఇంటినే పరాయిదిగా చూడవలసి వస్తుంది. ఇక్కడ సమస్య కేవలం శైలిది కాదు. తనకు తెలిసినది జ్ఞానంగా లెక్కకు వస్తుందా రాదా అన్నది ఆ పిల్ల ఆ ఆరు నిమిషాల్లో తేల్చుకొంటుంది.

ఇందుకు కావలసిన ఆధారం తెలుగు పరిశోధనకు కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండవది చేనేత పదాలతో 1971లో వెలువడ్డాయి. ఊరూరా తిరిగి సేకరించిన ఆ పదాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో సిద్ధాంత గ్రంథాలకు ఉపయోగపడినంతగా బడి చిత్రాల రచనకు ఉపయోగపడలేదు. తెలుగు శాఖలు ఈ పనిని తమది కాదనుకోవడం కూడా అందుకు కారణమే. విద్యా చిత్రాన్ని సాంకేతిక నిపుణులకూ విషయ నిపుణులకూ వదిలేసి, అనువాదానికి మాత్రం తెలుగువారిని పిలిచే పద్ధతి చాలాకాలంగా సాగుతోంది.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించి, ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాక ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. ఇంగ్లీషు చిత్రానికి తెలుగు గొంతు అతికించడం దీనికి పరిష్కారం కాదు. పెదవి కదలికకూ, దృశ్యం నిడివికీ సరిపోయేలా కుదించిన వాక్యం తెలుగు వాక్యం కాకుండా పోతుంది. తెలుగులోనే పుట్టిన వ్యాఖ్యానంలో పారిభాషిక పదం వచ్చిన చోట దాని ఇంగ్లీషు రూపాన్ని తెరమీద అక్షరాల్లో చూపితే పుస్తకం ఇప్పటికే ఒప్పుకొన్న ద్విభాషా పద్ధతి చిత్రానికీ వర్తిస్తుంది.

4. వెతుకులాట, సవరణ

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ఒక పాఠానికి ఒక చిత్రాన్ని కట్టివేస్తుంది. అది మేలే, కాని చాలదు. సరళాసాగర్ చిత్రం భౌతికశాస్త్రానికి చెందుతుంది, సంస్థానాల చరిత్రకూ చెందుతుంది, నీటిపారుదల పాఠానికీ చెందుతుంది. తరగతి, పాఠం సంఖ్య అనే రెండు అరల్లో దాన్ని ఇరికించలేము. తెలుగులో వెతకడం మరొక చిక్కు. ‘టి-సాట్’, ‘టీ శాట్’, ‘టీసాట్’ అని ఒక సంస్థ పేరునే మూడు విధాలుగా రాస్తున్న చోట ‘సైఫన్’, ‘సైఫాన్’ల గతి ఊహించవచ్చు. మహబూబ్‌నగర్ అని రాసినవారికి పాలమూరు దొరకదు. మగ్గం అని అడిగిన పిల్లకు చేనేత దొరకదు. ఈ పర్యాయాలను సమకూర్చడం యంత్రానికంటె ముందు నిఘంటుకారుని పని.

అడిగే పిల్ల చేతిలో ఫోను ఎంతసేపు ఉంటుందన్నది కూడా లెక్కలోకి రావాలి. వలస కూలీలకు పేరుపడిన పాలమూరులో ఇంటి ఫోను పని మీద పోయిన తండ్రితో పోతుంది. కాబట్టి చిత్రాలను బడి కంప్యూటరులోకో పెన్‌డ్రైవులోకో దింపుకొని, నెట్ లేకుండానే వాడుకొనే హక్కు ఉపాధ్యాయునికి లేకపోతే ‘ఆన్‌లైన్ గ్రంథాలయం’ అన్న మాటకు ఆ పిల్ల విషయంలో అర్థం లేదు.

2019 డిసెంబరు 31న సరళాసాగర్ కట్ట తెగింది. అంతకుముందు తీసిన ఏ చిత్రమైనా ఆ రోజుతో అసంపూర్ణమైంది. ప్రసార దృష్టి దాన్ని పాతబడిందని తీసివేస్తుంది, లేదా తేదీ చెప్పకుండా అలాగే చూపుతూ ఉంటుంది. గ్రంథాలయం చేయవలసింది వేరు: పాత చిత్రాన్ని దాని చిత్రీకరణ తేదీతో ఉంచి, కట్ట తెగిన నాటి దృశ్యాలనూ తిరిగి కట్టిన తీరునూ పక్కనే పెట్టాలి. సైఫన్లు ఉండగా కట్ట ఎందుకు తెగిందని తొమ్మిదో తరగతి పిల్లవాడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఒక్క చిత్రం చాలదు. మట్టి కట్ట గురించి మరొకటి తీయవలసి ఉంటుంది.