ఆరబెట్టడమే అసలు పని

గాజుకు రంగు వేయడం మనిషికి వేల ఏళ్లుగా తెలుసు. కోబాల్ట్ వేస్తే నీలం, మాంగనీసు వేస్తే ఊదా. ఇవి లోహాల రంగులు కాబట్టి కొలిమి వేడికి తట్టుకుంటాయి. కర్బన రంగులు అలా కావు. రోడమిన్ 6జి లాంటి రంగు కొన్ని వందల డిగ్రీలకే మాడిపోతుంది. ఇసుక కరగాలంటేనేమో దాదాపు 1700 డిగ్రీలు కావాలి. కాబట్టి ఆ రంగును గాజులో బంధించాలంటే ఒకటే దారి ఉంది. గాజును కరిగించి కాదు, గది వేడిలో ద్రవం నుంచి పుట్టించాలి. ఏళ్లుగా నేను ఇష్టపడి చేస్తున్న పని ఇదే.

మొదలుపెట్టడం తేలిక. టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్ అనే ద్రవాన్ని ల్యాబుల్లో అందరూ టీఈఓఎస్ అంటారు. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది గానీ నీళ్లలో కలవదు. ఇథనాల్ పోస్తే రెండూ కలుస్తాయి. కాస్త ఆమ్లం వేసి తిప్పుతూ ఉంటే నీరు ఆ అణువులను విడగొడుతుంది. విడిన ముక్కలు ఆక్సిజన్ ద్వారా ఒకదానికొకటి అతుక్కుని సిలికా వలగా అల్లుకుంటాయి. అల్లిక పూర్తికాకముందే రంగు కలిపేస్తే ఆ అణువులు వల సందుల్లో చిక్కుకుంటాయి. దీన్నే సోల్-జెల్ పద్ధతి అంటారు. సిలికాన్ ఎస్టర్ తేమ తగిలి గాజులా గట్టిపడటాన్ని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఎబెల్మెన్ 1840లలోనే గమనించాడు. 1984లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ అవ్‌నీర్, డేవిడ్ లెవీ, రెనాటా రైస్‌ఫెల్డ్ ఈ దారిలోనే రోడమిన్ 6జిని సిలికాలో బంధించారు. అలా బంధించిన రంగు వెలుతురుకు మరింత బాగా తట్టుకుంటుందని చూపించారు.

ఇంత శ్రమ ఎందుకంటే, 1966లో పుట్టిన డై లేజర్లకు రంగు ద్రావణమే ప్రాణం. మండే స్వభావమున్న ద్రావకాన్ని పంపులతో తిప్పుతూ ఉండాలి. పైగా ద్రావణం చిక్కబడితే రంగు అణువులు జంట కడతాయి, జంట కట్టినవి వెలుగును మింగేస్తాయి. సిలికాలో ఏ అణువు గది దానిదే, పక్కదాన్ని చేరే వీలుండదు. ఘన లేజర్లకు, సూర్యరశ్మిని పోగుచేసే పలకలకు ఈ గాజు పనికొస్తుందని అందరూ ఆశపడింది అందుకే. ఆమ్లాన్ని బట్టి రంగు మారే సూచికను బంధిస్తే అదే గాజు సెన్సర్ అవుతుంది. చిన్న అయాన్లు రంధ్రాల్లోంచి లోపలికి వెళ్లగలవు, పెద్ద రంగు అణువు మాత్రం బయటికి రాలేదు.

జెల్ గడ్డకట్టగానే పని అయిపోయిందని కొత్తగా వచ్చిన విద్యార్థులు అనుకుంటారు. నిజానికి పని అక్కడే మొదలవుతుంది. వల నిండా ఇంకా ఇథనాల్, నీరు ఉంటాయి. అవి ఆరిపోతుంటే వల ముడుచుకుంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సుమారు సగానికి తగ్గుతాయి. అంటే ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, రంగు గాఢత ఎనిమిది రెట్లు పెరుగుతుంది. చివరికి ఎంత గాఢత కావాలో లెక్కవేసుకుని మొదటి రోజే రంగును పలచగా కలుపుకోవాలి.

రంధ్రాల వెడల్పు కొన్ని నానోమీటర్లే. 2 నానోమీటర్ల వ్యాసార్ధమున్న రంధ్రంలో ఇథనాల్ కలిగించే లాగుడు 200 వాతావరణ పీడనాలు దాటుతుంది. నీటి తలతన్యత దానికి మూడు రెట్లు, లాగుడూ అంతే. రంధ్రాలన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ లాగుతుంది. ఎండిన చెరువు అడుగున నెర్రెలు వచ్చినట్టే జెల్ పగులుతుంది.

అందుకే సీసా మూతి మీద ఫిల్మ్ బిగించి సూదితో గుచ్చుతాం. ఎన్ని రంధ్రాలు గుచ్చామన్నదాన్ని బట్టే ఫలితం. రోజూ తూచి బరువు రాసుకుంటాను. మొదట జెల్ గోడను వదిలి లోపలికి జరుగుతుంది. వారాలు గడిచాక ముడుచుకోవడం ఆగిపోతుంది. ఎక్కువగా పగిలేది ఆ ఘడియలోనే. ద్రవం రంధ్రాల్లోకి వెనక్కి తగ్గుతున్నప్పుడు గులాబీ రంగు జెల్ పాలలా మసకబారుతుంది. సగం ఖాళీ అయిన సందులు కాంతిని చెదరగొట్టడమే కారణం. అన్నీ ఖాళీ అయ్యాక గాజు మళ్లీ తేటపడుతుంది. ఆ మసక చూసి కంగారుపడి మూత తీస్తే ముక్కలే మిగులుతాయి.

ఫార్మమైడ్ కలిపి రంధ్రాలను సమంగా చేయడం, సిలికాకు కర్బన గొలుసులు తగిలించి మెత్తబరచడం, ఖాళీ రంధ్రాల్లో ప్లాస్టిక్ నింపడం లాంటి ఉపాయాలూ వచ్చాయి. ఉపయోగపడతాయి గానీ ఏవీ ఓపిక అక్కర్లేకుండా చేయవు.

నా బాధ వేరే. పరిశోధన పత్రాల్లో వర్ణపటాలకు పేజీలు కేటాయిస్తారు. ఆరబెట్టడానికి మాత్రం "గది ఉష్ణోగ్రత వద్ద నెమ్మదిగా ఆరనిచ్చాం" అని ఒక్క వాక్యం దక్కుతుంది. ఎన్ని రంధ్రాలు గుచ్చారు, గదిలో తేమ ఎంత, పగిలినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అన్నది ఎవరూ రాయరు. ఆ వివరాలు చేసినవాళ్ల చేతుల్లోనే ఉండిపోతాయి, వాళ్లు ల్యాబు వదిలితే వాళ్లతోనే వెళ్లిపోతాయి. తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదటినుంచి పగలగొట్టుకోవాలి. ఈ పని చేసే ప్రతి ఒక్కరినీ నేను కోరేది ఒకటే. ఆరబెట్టిన రోజుల లెక్కను బరువులతో సహా, పగిలిన వాటితో సహా అచ్చు వేయండి. వర్ణపటం ఎవరైనా గంటలో తీస్తారు. పగుళ్లు లేని గాజు ముక్క చేతికి రావాలంటే వారాలు పడుతుంది, ఆ వారాల్లో ఏం చేయాలో తెలిసినవాళ్లు రాసిపెట్టాల్సిందే.