ఆరావళి వాలున సైకిలు

ఢిల్లీ చదునైన ఊరని చెప్పువారు ఈ నగరమును కారు కిటికీలోనుండియో, మెట్రో సొరంగములోనుండియో చూచినవారే గాని, సైకిలెక్కి ఒక్క ఉదయమైనను దక్షిణముగా పోయినవారు కారు. గుజరాతున మొదలై, రాజస్థానమును నిలువునా చీల్చుకొని, ఇంచుమించు ఏడువందల కిలోమీటర్లు ఈశాన్యముగా సాగివచ్చిన ఆరావళీ శ్రేణి, ఆబూ కడ గురుశిఖరమున 1,722 మీటర్ల ఔన్నత్యమును చూపి, క్రమక్రమముగా కృశించి, తుదకు వజీరాబాదు దగ్గర యమునాతీరమున కొన్ని రాళ్ళగుట్టలుగా ముగియుచున్నది. ఆ గుట్టలకును ఆ నదికిని నడుమనున్న నేలమీదనే తోమరులు మొదలు ఆంగ్లేయుల వఱకు ఎందఱో తమ రాజధానులను కట్టుకొనిరి. పాత ఇనుపవంతెన కడ యమునకు ప్రమాదసూచికగా పెట్టిన గుర్తు 205.33 మీటర్లది, దక్షిణమున భట్టీ గనుల చెంతనున్న మిట్ట 318 మీటర్లది. పటము చూచువానికి ఈ తేడా స్వల్పముగా తోచవచ్చును. దానిని తొక్కి ఎక్కువాని తొడలు ప్రతి గజమును లెక్కపెట్టి చెప్పును. ఢిల్లీ ఒక నదీలోయ యను సంగతిని నేను సైకిలు మూలముననే తెలిసికొంటిని.

వాలు ఎంతటి ముఖ్యమైనదో చెప్పు ఒక ప్రసిద్ధ కలహము ఈ నగరమునందే జరిగినది. కొత్తఢిల్లీ నిర్మాణమునకు పూనుకొన్న ఎడ్విన్ లట్యెన్స్, హెర్బర్ట్ బేకర్ అను వాస్తుశిల్పు లిరువురును, రైసినా గుట్టమీదికి పోవు రాజమార్గము ఇరువదిరెండున్నర అడుగులకు ఒక అడుగు చొప్పున లేచునట్లు 1913లో అంగీకరించి సంతకములు చేసిరి. పిదప పని సాగుచుండగా, ఆ వాలు మరీ నిటారగుటచేత క్రిందినుండి వచ్చువాని కంటికి వైస్రాయి సౌధము గుట్ట వెనుకకు క్రుంగిపోవునని లట్యెన్స్ గ్రహించి, ఎంత పోరాడినను దారి మారలేదు, వారి చిరకాల మైత్రి మాత్రము చెడిపోయినది. దారి తెఱచియున్న ఉదయములందు విజయచౌకు దాటి పైకి పోవు సైకిలువారు నేటికిని ఆ వాలు మొదలగుచోటనే గేరు తగ్గింతురు. నూటికి నాలుగున్నర మీటర్లకు కొంచెము తక్కువగా లేచు ఆ కొలది దూరము ఎక్కునప్పుడు, ఎదుట గుమ్మటము మెల్లమెల్లగా అణగిపోవుటను నేనును చూచితిని. లట్యెన్స్ బాధ న్యాయమైనదే యని నాకు తోచినది.

అయినను ఎక్కుదలను అభ్యసింపగోరువానికి రైసినా చాలదు. అతడు గురుగ్రామునుండి ఫరీదాబాదునకు పోవు మార్గము పట్టవలెను. గ్వాల్‌పహాడీ దాటిన పిమ్మట ఆ దారి ఒక్కసారిగా లేవక, కొంత ఎక్కి, కొంత దిగి, మరల ఎక్కుచు బంధ్‌వాడీ మీదుగా, మాంగర్ మలుపు మీదుగా పాలీ వైపునకు పోవును. ఒక్కొక్క ఎక్కుదల చిన్నదే యైనను, వానిని వరుసగా అందుకొనుటలోనే కష్టమంతయు కలదు. కొత్తవారు వాలు కనబడగానే పీఠము మీదినుండి లేచి, ఉన్న బలమంతయు మొదటి నూఱు గజములలోనే వెచ్చించి, నడుమ ఆగిపోవుదురు. గేరును వాలునకు ముందే మార్చవలెను, ఏలయన బరువు పడిన గొలుసు పళ్ళమీదినుండి తేలికగా కదలదు. పీఠముపై స్థిరముగా కూర్చుండి, చేతిపట్టు సడలించి, ఊపిరి తీయుటకంటె పూర్తిగా విడుచుటయందు శ్రద్ధ నుంచి, కాళ్ళ లయ చెడకుండ తొక్కవలెను. చదునైన దారిలో మనకు విరోధి గాలి. అందుచేతనే అచట ఒకరి వెనుక నొకరు దాగి పోవుదురు. ఎక్కుదలలో వేగము తగ్గుటతో గాలి తప్పుకొనును, మిగులునది మన బరువు, సైకిలు బరువు మాత్రమే. ఎంతమంది కలిసి బయలుదేఱినను అక్కడ ఎవని భారము వానిదే. దిగుట మఱియొక విద్య: మలుపులో కాక మలుపునకు ముందే బ్రేకు పట్టవలెను, పాలీ దిక్కునుండి వచ్చు లారీలు రాల్చిన కంకరపై కన్ను వేసియుండవలెను.

శీతకాలపు ఉదయమున ఆ దారికి ఇరుప్రక్కలను గమనింపుడు. ఆంగ్లేయుల కాలమున తెచ్చి నాటగా కొండలనెల్ల ఆక్రమించుకొన్న సర్కారుతుమ్మ, దాని నడుమ అక్కడక్కడ మిగిలిన రేగు, మోదుగ, తెల్లవాఱకముందే కూతవేయు నెమళ్ళు, ఒక్కొక్కప్పుడు దారి కడ్డముగా నిలిచి మనల నెగాదిగా చూచు మనుబోతు. బంధ్‌వాడీ దగ్గర నగరపు చెత్తను గుట్టగా పోసినచోట, గాలి ఎదురైనదినమున ఊపిరి బిగబట్టి తొక్కవలసివచ్చును. అక్కడికి కొంచెము దూరముననే మాంగర్ బనీ యను వనము కలదు. గుదరియాదాసు బాబా వనమని నమ్మి చుట్టుప్రక్కల గుజ్జరులు తరతరములుగా అందులో పుల్లయైనను విఱువకుండుటచేత, ఈ కొండలకు సహజమైన ధౌ వృక్షములు అక్కడ నేటికిని గుంపులుగా నిలిచియున్నవి. ఒకే కొండపై ఇంత చెత్తయు, ఇంత పావనత్వమును ఉండుట చూచి నా మనస్సు ప్రతిసారియు కలతపడుచుండును.

ఇట్టి కలత లేని కొండలును కలవు. లోకమునందు సైకిలువారు కోరు దారులు కొన్ని నదీలోయల ద్రాక్షతోటల నడుమ ఉండుట యాదృచ్ఛికము కాదు, ద్రాక్షతీగెకును వాలే కావలెను. జర్మనీలో మోజెల్ నది వంపులపై పలకఱాతి వాలులు పగటి ఎండను దాచుకొని రాత్రి తీగెలకు వెచ్చదన మిచ్చును. చల్లగాలి వాలు వెంట క్రిందికి జాఱిపోవును. నీరు వేళ్ళవద్ద నిలువదు. బ్రెమ్ గ్రామము కడ కాల్మొంట్ తోట అఱువదియైదు డిగ్రీల వఱకు నిటారుగా నుండును, అక్కడ మనుష్యుని చేయి తప్ప యంత్రము పని చేయుట దుష్కరము. శ్రమకు ఓర్వలేక కొందఱు తోటలను విడిచినను, ఆ కొండ కొండగానే మిగిలినది. అంత దూర మేల? మన గోదావరి పుట్టిన త్ర్యంబకమునకు దిగువను, నాసికు చెంత గంగాపూర్ జలాశయపు ఒడ్డున ద్రాక్షతోటలు కలవు; అచటి దారులందు, ఘాట్లందు తొక్కి గట్టిపడిన వైద్యసోదరులు హితేంద్ర మహాజన్, మహేంద్ర మహాజన్ 2015లో అమెరికాఖండము నడ్డముగా దాటు నాలుగువేల ఎనిమిదివందల కిలోమీటర్ల పందెమును ఇద్దఱు కలిసి పూర్తిచేసిరి. ఆ లోయలలో కొండవాలు వాలుగా నుండుటయే రైతునకు సంపద, కావుననే దానిని ఎవరును చదును చేయరు. ఆరావళికి ఆ భాగ్యము లేకపోయినది. ఇక్కడి వాలునకు వెల లేదు. దాని కడుపులోని రాతికి వెల కలదు, చదును చేసినచో పైనున్న నేలకు అంతకంటె వెల కలదు. 2002లోను, 2009లోను సుప్రీంకోర్టు అడ్డుపడువఱకు ఫరీదాబాదు, గురుగ్రాము ప్రాంతముల కొండలను త్రవ్వుచునే యుండిరి. ఆ గోతులలో నిలిచిన నీలినీటిని అందమని తలచి నిలిచి చూచువారిలో నేనును ఉంటిని, అవి గనుల గోతులని తెలిసినపిదప అట్లు చూడలేకపోతిని.

ఆ గురుగ్రాము దారిలో మావంటివారికంటె ముందే తొక్కుచు పోవువారు వేఱొకరు కలరు. తాపీపనివారు, కాపలావారు, పాలవారు, ఇరువది కిలోల ఇనుపసైకిలుపై భోజనపు డబ్బా తగిలించుకొని, మార్చుటకు గేరన్నది లేక, వాలు బిగిసినచోట దిగి నెట్టుకొనుచు పోవుదురు. ఫ్రాన్సు దేశపు మహాపందెములోనే 1937 వఱకు గేరుమార్పు యంత్రమును అందఱకును అనుమతింపలేదు. ఎనుబదియేండ్లు దాటినను అది మన శ్రామికుని చక్రమునకు చేరలేదు. 1951లో సోనీపత్తున ఆరంభమై దేశమంతటికిని సైకిళ్ళ నందించిన అట్లాస్ వారి సాహిబాబాదు కర్మాగారము 2020 జూన్ 3న, సరిగా ప్రపంచ సైకిలు దినమున, మూతపడినది. బాట సంగతియు అంతే. 2008లో ఢిల్లీలో అంబేద్కర్ నగరు నుండి మూల్‌చందు వఱకు బస్సులకు ప్రత్యేకమార్గము వేసినపుడు ప్రక్కనే సైకిళ్ళకు కూడ బాట వేసిరి. కార్లవారి గోల మిన్నుముట్టుటచే 2016లో ఆ బస్సుమార్గమును పెఱికివేసిరి. ఆ నిర్ణయము తప్పని నేను నిస్సంశయముగా చెప్పుదును. పర్యావరణవేత్త సునీతా నారాయణ్‌గారిని 2013 అక్టోబరులో సైకిలుపై పోవుచుండగా ఒక కారు గుద్ది, ఆమె రెండుచేతులు విఱిగినపుడు పత్రికలన్నియు వ్రాసినవి. పేరు లేని కూలివానిని గుద్దినపుడు వ్రాయువారు లేరు.

ఢిల్లీలో కాపురమున్న తెలుగువారిని నేను వేడుకొనున దొక్కటే. ఈ శీతకాలమున ఒక ఆదివారము, పొగ పలుచగా నున్న ఉదయము చూచుకొని, తలకు హెల్మెట్టును, వెనుకకు ఎఱ్ఱదీపమును మఱువక, మాంగర్ మలుపు వఱకు ఎక్కి రండు. తిరుగుదారిలో ఆంధ్రాభవన్ ఫలహారము ఉండనే యున్నది. పిమ్మట మీ కాలనీ సంఘము ద్వారా గాని, మీ ప్రతినిధి ద్వారా గాని, ఆ రోడ్డు ప్రక్కన కాపలావాడును, పాలవాడును భయము లేక పోవుటకు వేఱుగా ఒక సైకిలుబాట వేయవలెనని అర్జీ పెట్టుడు.